వదిలెయ్ నాన్నా

మాస్టారి కుడికాలు మాస్టారి మాట వినదు. ఇరవై రెండేళ్లుగా డ్రైవింగ్ స్కూలు కారులో డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, తన పాదాల దగ్గర అదనంగా బిగించిన రెండో బ్రేకు మీద ఆ కాలు పెట్టుకుని బతికిన మనిషి ఆయన. నేర్చుకునేవాళ్లు బ్రేకు వెయ్యాల్సిన చోట వాళ్లకంటే అర క్షణం ముందు ఆ కాలు వేసేస్తుంది. కుక్క అడ్డం వస్తే వేస్తుంది, వస్తుందేమోననిపించినా వేస్తుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని టీవీ చూస్తుంటే, అందులో ఎవరిదో కారు మలుపు తిరిగినా చాలు, టక్కున నేలను తంతుంది.

"కింది వాటా వాళ్లు రేపో మాపో పైకొచ్చి మీ కాలు పట్టుకుపోతారండీ," అంటుంది భార్య.

స్కూల్లో ఆయనకు బ్రేకు మాస్టారని పేరు. ఆ పేరు ఆయనకు తెలుసన్న సంగతి ఎవరికీ తెలియదు, లేదా తెలియనట్టు అందరూ మర్యాదగా నటిస్తారు.

ఇలాంటి మనిషి హెలికాప్టర్ జోలికి వెళ్లకూడదు. వెళ్లారు. మనుషులెక్కే హెలికాప్టర్ కాదు లెండి, రిమోట్‌తో ఎగిరేది. మోచేతి నుంచి వేలి కొస దాకా ఉంటుంది పొడవు, పైన రెండు రెక్కలు. బొమ్మే కదా అనుకుంటే పొరపాటు. ఆ రెక్కలు తిరిగేటప్పుడు వచ్చే చప్పుడు వింటే ఎంత ధైర్యవంతుడైనా నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. పక్క వీధిలో వాచీలు బాగుచేసే స్నేహితుడి దగ్గర ఐదేళ్ల కిందట నేర్చుకున్నారు ఆ విద్య. ఐదేళ్లూ బుద్ధిగా, మనిషెత్తుకు కాస్త పైన, ఎక్కడ తిప్పాలన్నా ముందు ఆపి తర్వాత తిప్పుతూ ఎగరేశారు. ఇండికేటర్లు ఉంటే అవీ వేసేవారు.

ఆయనకు ఒక్కతే కూతురు. ఇరవై ఆరేళ్లు. డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తుంది. పొద్దున ఎనిమిదింటికి వెళ్లి సాయంత్రం కనుబొమల మీద సున్నంలాంటి తెల్లపొడితో తిరిగొస్తుంది. పన్నుకి నునుపు పెట్టేటప్పుడు కింది పెదవిని పళ్ల కింద నొక్కిపెట్టుకోవడం ఆమెకు అలవాటు. చేతులు మాత్రం వణకవు. ఆ చేతులు ఎవరి పోలికో ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

ఆ అమ్మాయి కారు నేర్చుకున్నది తండ్రి దగ్గర కాదు. పద్దెనిమిదో ఏట నాలుగు రోజులు ఆయన పక్కన కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా తన కాలితో బ్రేకు వెయ్యలేదు, వేసే అవకాశం ఆయన ఇవ్వలేదు. ఐదో రోజు తలనొప్పంది. మూడు నెలల తర్వాత వేరే స్కూల్లో నేర్చుకుని, లైసెన్సు తెచ్చి, వంటింట్లో అమ్మకు చూపించింది. మాస్టారు ముందుగదిలో పేపరు చదువుతూ విన్నారు. "మంచిది, మంచిది," అన్నారు. ఊళ్లో సగం మందికి కారు నేర్పిన మనిషి సొంత కూతురికి నేర్పలేకపోయాడన్న మాట తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ లోపల కలుక్కుమంటుంది.

అందుకే ఆయనకు ఆదివారాలంటే ప్రాణం. రెండేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున ఏం తోచక తండ్రి వెంట మైదానానికి వచ్చిన పిల్ల, రిమోట్ ఒకసారి చేతిలోకి తీసుకుని, మళ్లీ ఇవ్వలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరున్నరకల్లా ఇద్దరూ ఇటుకల ఫ్యాక్టరీ వెనక ఉన్న ఖాళీ మైదానంలో ఉంటారు. ఒక ఫ్లాస్కు, రెండు గ్లాసులు, ఒక పెట్టె. వారం మొత్తంలో తండ్రీకూతుళ్లు కలిసి చేసే పని అదొక్కటే. మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో వాళ్లిద్దరి మధ్య నడిచే సంభాషణ "తిన్నావా", "తిన్నాను" దగ్గర ఆగిపోతుంది.

ఈ ఆటలోనూ రెండో బ్రేకు లాంటిది ఒకటుంది. అదే మాస్టారి కొంప ముంచింది.

నేర్చుకునేవాళ్ల చేతిలో ఒక చిన్న రిమోట్, నేర్పేవాళ్ల చేతిలో ఒక పెద్ద రిమోట్, రెంటినీ కలుపుతూ ఒక వైరు ఉంటాయి. పెద్ద రిమోట్ ఎడమ భుజం మీద ఒక స్ప్రింగు స్విచ్చు ఉంటుంది. దాన్ని చూపుడు వేలితో నొక్కి పట్టుకున్నంతసేపూ హెలికాప్టర్ చిన్న రిమోట్ మాట వింటుంది. వేలు తీసిన మరుక్షణం పెద్దదాని దగ్గరకు వచ్చేస్తుంది. పట్టుకుంటే కూతురిది, వదిలితే తండ్రిది. చెప్పుకోవడానికి ఇంతే.

మామూలుగా ఎగరేసినన్నాళ్లూ ఆ స్విచ్చుతో పేచీ రాలేదు. ఆయన అప్పుడప్పుడూ అక్కర లేకపోయినా వేలు తీసి లాక్కునేవారు, పిల్ల విసుక్కునేది, మళ్లీ ఇచ్చేవారు. రెండు నెలల కిందట అమ్మాయి ఫ్లాస్కు మూత తిప్పుతూ అంది:

"నాన్నా, దీన్ని తలకిందులుగా ఎగరేద్దాం."

"ఎందుకమ్మా?"

"ఎగురుతుంది కాబట్టి."

మాస్టారి కుడికాలు గడ్డిలో ఒకసారి నొక్కింది.

తలకిందులుగా ఎగరేయడమంటే మాటలు కాదు. రిమోట్ మీద బొటనవేళ్లతో కదిపే పుల్లలు రెండుంటాయి. ఎడమ పుల్ల పైకి నెడితే హెలికాప్టర్ లేస్తుంది, కిందకి లాగితే దిగుతుంది, మామూలుగా. తిరగేసి నిలబెట్టాక అదే పుల్ల పైకి నెట్టారా, నేరుగా నేలలోకి వెళ్తుంది. పైకి పోవాలంటే కిందకి లాగాలి. ముందుకు పోవాలంటే వెనక్కి లాగాలి. పోనీ అన్నీ తారుమారవుతాయా అంటే అదీ లేదు, పక్కలకు వంచే పుల్ల మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. అసలు చిక్కంతా అక్కడే. బుర్రకి సంగతి తెలుసు. భయమేసినప్పుడు బుర్రని ఎవరు అడుగుతారు? బొటనవేలు పైకి నెట్టేస్తుంది.

మొదటి ఆదివారం అమ్మాయి దాన్ని రెండంతస్తుల ఎత్తుకు తీసుకెళ్లి ఒక్క తిప్పు తిప్పింది. కాళ్లు ఆకాశంలోకి, రెక్కలు నేలవైపుకి. చూడగానే మాస్టారి ప్రాణం గొంతులోకి వచ్చింది. నిజానికి హెలికాప్టర్ పడలేదు, కాస్త జారిందంతే. ఆయన వేలు లేచిపోయింది, బొటనవేలు పైకి నెట్టింది. నెట్టగానే అది గురిచూసి విసిరినట్టు వచ్చి నేలకి కొట్టుకుంది. రెక్కలు రెండూ విరిగాయి.

"నేను లేపుతున్నాను నాన్నా," అంది అమ్మాయి.

"పడిపోతోందనుకున్నానమ్మా."

"నువ్వు పట్టుకున్నాకే పడింది."

రెండో ఆదివారం కొత్త రెక్కలు. ఈసారి ఏమైనా సరే స్విచ్చు మీద వేలు తియ్యనని ఒట్టేసి మరీ వెళ్లారు. హెలికాప్టర్ తిరగబడింది, నాలుగు సెకన్లు నిలిచింది, పక్కకు ఒరిగింది. ఆయన ఊపిరి పీల్చిన శబ్దం అమ్మాయికి వినిపించింది. ఆ శబ్దం ఆమెకు పద్దెనిమిదేళ్లప్పటినుంచి తెలుసు. దాని వెనకే బ్రేకు పడుతుందనీ తెలుసు.

"వదిలెయ్! వదిలెయ్ నాన్నా! వదిలెయ్!" అని అరిచింది.

ఆయన వదిలేశారు. కూతురు చెప్పిన మాట జవదాటకుండా, చెప్పిన వెంటనే, స్విచ్చు మీంచి వేలు తీసేశారు. ఈసారి రెక్కలతో పాటు వాటిని మోసే నిలువు ఇనుప ఊచ కూడా వంకరపోయింది.

వాచీల బాబాయి కొట్లో ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి చెప్పుకున్నారు.

"వదిలెయ్ వదిలెయ్ అని గొంతు చించుకున్నాను బాబాయ్! వింటేగా!"

"వినకపోవడమేంటమ్మా? నువ్వలా అనగానే వదిలేశాను కదా!"

బాబాయి కంటికి బిగించుకున్న భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. "నువ్వు వదిలింది ఏది?"

"స్విచ్చు," అన్నారు మాస్టారు.

"నువ్వు వదలమన్నది ఏది?"

"హెలికాప్టర్ని. నాకు వదిలెయ్యమన్నాను," అంది అమ్మాయి.

బాబాయి చాలాసేపు నవ్వాడు. వాళ్లిద్దరూ నవ్వలేదు. నవ్వు అయ్యాక సొరుగులన్నీ వెతికి, ఒక చిన్న కవరులోంచి కొత్త ఊచ తీశాడు. "ఈ మోడల్ చెయ్యడం మానేశారు. నా దగ్గరున్నది ఇదొక్కటే. ఇది వంగిందంటే మీ హెలికాప్టర్ని తీసుకెళ్లి అటక మీద పెట్టుకోవడమే."

ఇంటికి వస్తూ మెట్ల మలుపులో అమ్మాయి ఆగింది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నాన్నా, ఇదే ఆఖరు. మళ్లీ నువ్వు లాక్కుని విరిగితే ఇంక మైదానానికి వద్దు. నేననేది హెలికాప్టర్ గురించి కాదు. మనిద్దరం కలిసి ఏదీ నేర్చుకోవద్దు. కారప్పుడు అయిందే చాలు."

"అలాగేనమ్మా," అన్నారు మాస్టారు. పెట్టె పట్టుకుని మిగిలిన మెట్లు ఎక్కారు. అవి పద్నాలుగు మెట్లు, ఆ రోజు ఎన్ని ఎక్కారో ఆయనకే తెలియదు.

భార్యకు సంగతంతా చెప్పారు. ఆవిడ బట్టలు మడతపెడుతూ విని, "ఇద్దరూ ఇంకో మాట పెట్టుకోండి," అంది. "దాని దగ్గరే ఉంచమనాలంటే 'నాది' అనమనండి. మిమ్మల్ని తీసుకోమనాలంటే 'తీసుకో' అనమనండి. ఆ వదిలెయ్ అన్న మాట మన కొంపలో ఎవరూ వాడకండి."

కోర్టులో రాసుకున్నట్టు ముగ్గురూ ఒప్పుకున్నారు. అమ్మాయి ఆ వారమంతా ప్రాక్టీసు కోసం దువ్వెన పట్టుకున్నా "నాది" అనేది.

మాస్టారికి మాత్రం నిద్ర పట్టలేదు. పట్టుకోవడం ఒక్కటే చాలదనిపించింది. ఆ పిల్ల నిజంగానే "తీసుకో" అంటే? తీసుకుని ఏం చేస్తాడు? పైకి నెట్టి నేలకేసి కొడతాడు. తలకిందులుగా ఎగరేయడం తనకూ రావాలి. రాని విద్యకు తను బ్రేకేమిటి?

కంప్యూటర్లో హెలికాప్టర్ ఎగరేయడం నేర్పే ప్రోగ్రాము ఒకటి వాచీల బాబాయి ఎక్కించి ఇచ్చాడు. అందులో ఎన్నిసార్లు పడినా విరిగేదేమీ ఉండదు. రోజూ మధ్యాహ్నం రెండు క్లాసుల మధ్య ఇంటికొచ్చి, అన్నం తిన్న చెయ్యి కడుక్కుని, మాస్టారు దాని ముందు కూర్చునేవారు. తిప్పడం, పైకి నెట్టడం, ఢామ్. తిప్పడం, పైకి నెట్టడం, ఢామ్. వెనక నుంచి భార్య లెక్కపెట్టేది.

"ఇవాళ్టికి నలభై మూడు."

"నలభై రెండే. ఒకటి చెట్టుకి తగిలింది, నేల మీద పడలేదు."

"చెట్టుకి తగిలితే పడినట్టు కాదా?"

పది రోజులకు అది నలభై నుంచి పన్నెండుకు దిగింది. కిందకి లాగితే పైకి, కిందకి లాగితే పైకి అని నోట్లో అనుకుంటూ స్నానానికి వెళ్లేవారు. అమ్మాయికి చెప్పొద్దన్నారు. వచ్చాక చెబుదామని కొంత, రాకపోతే పరువు పోతుందని ఎక్కువ. భార్య చెప్పనంది. చెప్పనని ఆవిడ అన్నాక ఆ ఇంట్లో ఏ సంగతైనా రెండు రోజులకు మించి దాగిన దాఖలా లేదు.

ఇంతలో ఇంకో భయం పట్టుకుంది ఆయన్ని. ఒకరోజు కారు నేర్చుకోవడానికి వచ్చిన టైలరమ్మ, యాభై ఏళ్ల మనిషి, నాలుగు రోడ్ల కూడలి దగ్గరకు వస్తోంది. ఎదురుగా ఒక స్కూటరు అడ్డం తిరిగింది. మాస్టారి కాలు లేచింది. కానీ నొక్కాలా తియ్యాలా అని ఒక్క క్షణం తడబడింది. పది రోజులు తలకిందుల లోకంలో తిరిగి వచ్చిన మనిషాయె. ఆ ఒక్క క్షణంలో టైలరమ్మే బ్రేకు వేసేసింది. కారు ఆగింది. స్కూటరు వెళ్లిపోయింది.

"వేశానండీ! నేనే వేశాను కదూ?" అంది ఆవిడ, మొహం చాటంత చేసుకుని.

"మీరే వేశారమ్మా," అన్నారు మాస్టారు. ఆయన వీపంతా చెమట పట్టింది.

ఆ సాయంత్రం భార్యకు ఆ మాట చెబితే ఆవిడ మరోలా విన్నది. "మొదట్లో మీరు ఇలా ఉండేవారు కాదు. గోడ కూలిన రోజు నుంచి ఇలా అయ్యారు."

నిజమే. ఆయన ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, ఒక కాలేజీ పిల్ల కంగారులో బ్రేకు అనుకుని ఇంకోదాని మీద కాలేసి పెట్రోలు బంకు పక్క గోడని గుద్దింది. మణికట్టు విరిగింది ఆ పిల్లకి. ఎముక అతుక్కుంది, గోడ మళ్లీ కట్టారు, ఎవరూ ఆయన్ని ఒక్క మాటనలేదు. అంతకుముందు ఆయన నేర్చుకునేవాళ్ల చేతులు చూసేవారు, భుజాలు చూసేవారు. ఎవరు బిగుసుకుపోయారో, ఎవరు తంటాలు పడుతున్నా దారిలో ఉన్నారో ఇట్టే చెప్పేవారు. ఆ గోడ తర్వాత ఆయన కళ్లు రోడ్డు మీదకు వెళ్లిపోయాయి. మళ్లీ తిరిగి రాలేదు.

కొత్త ఊచ బిగించి సరిచేసేసరికి మధ్యలో ఒక ఆదివారం పోయింది. ఆ పై ఆదివారం వచ్చింది. ఎండ లేదు, పలచని మబ్బు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ నిటారుగా లేస్తోందంటే గాలి లేదని అర్థం. అమ్మాయి బ్యాటరీ పెట్టింది, మరలన్నీ ఒకసారి వేలితో తిప్పి చూసింది, వైరు గుచ్చింది. మాస్టారు ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డారు. ఆ చోటు వెతుక్కోనక్కర లేదు, రెండేళ్లుగా ఆయన కుడి మడమ తవ్విన గుంట అక్కడ ఉంది, దోసెడు నీళ్లు పట్టేంత.

"ముప్పై సెకన్లు," అంది అమ్మాయి. "ముప్పై లెక్కపెట్టు. అంతే. తిప్పేసి దింపేస్తాను."

"సరేనమ్మా."

"ఏమనాలి?"

"నాది అంటే నీది. తీసుకో అంటే నాది."

"నాన్నా!"

"అదేనమ్మా, అర్థమైంది."

ఆయన చూపుడు వేలు స్విచ్చు మీద పడింది. హెలికాప్టర్ లేచింది. రెండంతస్తుల ఎత్తు, ఇంకాస్త పైకి. అమ్మాయి ఒక్క తిప్పు తిప్పింది. కాళ్లు ఆకాశంలోకి వెళ్లాయి. చప్పుడు మారింది, సన్నగా, కోసినట్టు.

"ఒకటి," అన్నారు మాస్టారు. "రెండు."

ఐదు దాకా బాగానే ఉంది. ఎనిమిది దగ్గర కాస్త ఊగి సర్దుకుంది. పదకొండు దగ్గర ఆయన మడమ గుంటలోకి దిగింది. పదిహేను అన్నప్పుడు ఆయనకే నమ్మకం కలగలేదు, పదిహేను సెకన్లు ఒక వస్తువు తలకిందులుగా గాలిలో ఉంది, దాన్ని ఆయన పిల్ల నిలబెట్టింది. "పదహారు," అన్నారు.

పదిహేడు దగ్గర ఫ్యాక్టరీ పొగ పక్కకు వంగింది. ఎక్కడినుంచి వచ్చిందో ఒక గాలి విసురు. హెలికాప్టర్ తోక గిర్రున తిరిగి పక్కకు వచ్చింది. ఇప్పుడది వాళ్లకు అడ్డంగా, తలకిందులుగా ఉంది, ముక్కేదో తోకేదో మబ్బులో కలిసిపోయి నల్లటి గీతలా కనిపిస్తోంది. దిగడం మొదలుపెట్టింది. రెండంతస్తులు కాస్తా ఒకటైంది. ఒకటి కాస్తా చెయ్యెత్తితే అందేంతయింది.

"నాన్నా, వదిలెయ్!" అని అరిచింది అమ్మాయి.

నాది అనలేదు. తీసుకో అనలేదు. ఆ కొంపలో ఎవరూ వాడకూడని మాట అంది.

ఏ వదిలెయ్ అది? మాస్టారి కాలు మడమ దాకా భూమిలో ఉంది. చూపుడు వేలు స్విచ్చు మీద తాడు మీద నిలబడ్డట్టు ఉంది. తీసుకోమందా? తీసుకుంటే తను లేపగలడు, ఇప్పుడు లేపగలడు, కిందకి లాగితే పైకి, పది రోజులు అదే పని. లేక పిల్ల దగ్గరే ఉంచమందా? అలాగైతే వేలు తీస్తే అంతా అయిపోయినట్టే, ఊచా, ఆదివారాలూ, అన్నీ. హెలికాప్టర్ వైపు చూస్తే సమాధానం లేదు. అది పడుతోందంతే.

ఆయన హెలికాప్టర్ మీంచి కళ్లు తీసి కూతుర్ని చూశారు.

బిగుసుకుపోయిన మనుషులు ఆయనకు తెలుసు. మోచేతులు పక్కటెముకలకు అంటుకుపోతాయి. వేళ్ల గణుపులు తెల్లబడతాయి. మెడ నరాలు తేలతాయి. ఆ పిల్ల మోచేతులు వదులుగా ఉన్నాయి. కింది పెదవి పళ్ల కింద ఉంది, పన్నుకి నునుపు పెట్టేటప్పటిలాగే. ఎడమ బొటనవేలు మెల్లగా, ఆగకుండా, కిందకి లాగుతోంది. కుడి బొటనవేలు చిన్న చిన్నగా కదులుతోంది.

మాస్టారు స్విచ్చును ఇంకా గట్టిగా నొక్కారు.

రెక్కలు గడ్డి కొసల్ని తాకాయి. పచ్చటి తుంపర ఒకటి లేచి చెదిరింది. ఆ మీదట హెలికాప్టర్ ఆగింది. ఆగి, తలకిందులుగానే, అలిగి లేచి వెళ్లినట్టు, పైకి లేవడం మొదలుపెట్టింది. మోకాలెత్తు. భుజమెత్తు. చెట్టెత్తు.

అమ్మాయి ఒక్కసారిగా నవ్వింది, ఏడుపులాంటి నవ్వు.

"అబ్బ నాన్నా! ఏం పట్టుకున్నావ్! అమ్మ చెప్పింది, నువ్వు రోజూ నేర్చుకుంటున్నావని. కానీ ఇంత బాగా... నాకసలు ఏమీ కనిపించలేదు. చేతులు ఆగిపోయాయి. ఇంక అయిపోయిందనుకుని నీకు వదిలేశాను."

మాస్టారికి అప్పుడు అర్థమైంది. తీసుకోమనే అంది పిల్ల. తీసుకోమంటే తను తీసుకోలేదు. కూర్చోవాలనిపించింది, కానీ కూర్చుంటే వేలు కదులుతుంది.

"అమ్మా," అన్నారు. "నేను తీసుకోలేదమ్మా."

"ఏంటి?"

"నా వేలు చూడు. ఒద్దు, చూడకు! హెలికాప్టర్నే చూడు. స్విచ్చు నొక్కే ఉంది. ఇందాకటినుంచీ నొక్కే ఉంది. అది నీ దగ్గరే ఉందమ్మా. నువ్వే లేపావు."

హెలికాప్టర్ ఒక్కసారి తూలింది. ఆ తూలడంతోనే అమ్మాయికి నమ్మకం కుదిరినట్టుంది. ఆమె తల కాస్త దించి తన బొటనవేళ్ల వైపు ఓరగా చూసింది. అవి కదులుతూనే ఉన్నాయి.

"నేను ఆగిపోయాననుకున్నాను," అంది.

"నీ చేతులు ఆగలేదు. నేను చూశాను."

"నన్ను చూశావా? అప్పుడా?"

"అప్పుడే."

పైన హెలికాప్టర్ తలకిందులుగా, కాస్త ఊగుతూ, ఒకే చోట నిలబడి ఉంది.

"నాది," అంది అమ్మాయి, అరవకుండా, తనలో తను అనుకుంటున్నట్టు.

మాస్టారు లెక్క ఎక్కడ ఆపారో మర్చిపోయారు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, ఈసారి ముప్పై దాకా లెక్కపెట్టారు. అమ్మాయి దాన్ని తిప్పి నిలబెట్టింది, దించింది, రెక్కలు ఆగేదాకా చూసింది. రెక్కల కొసలకు పచ్చగా గడ్డి పసరు అంటుకుని ఉంది. ఊచ నిటారుగా ఉంది.

ఆమె చిన్న రిమోట్ గడ్డి మీద పెట్టి తండ్రి వైపు తిరిగింది. ఆయన అక్కడే నిలబడి ఉన్నారు, కుడి మడమ గుంటలో, ఎడమ చూపుడు వేలు స్విచ్చు మీద, గోరు తెల్లగా పాలిపోయి.

"దిగిపోయింది నాన్నా. ఇంక వదిలెయ్."

"ఏ వదిలెయ్ అమ్మా?" అన్నారు మాస్టారు.

అమ్మాయి దగ్గరకొచ్చి, ఆయన వేలిని తన వేళ్లతో పట్టుకుని, మెల్లగా, నొప్పెట్టకుండా, స్విచ్చు మీంచి తీసింది.